ఎన్ని వాట్లన్నది తర్వాతి సంగతి

కడప జిల్లా ప్రొద్దుటూరు అంగట్లో పాటల సెట్టు కొనబోయే మనిషి మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని వాట్లన్నా ఇది?" రాజుపాలెం నుంచి వచ్చిన శనగ రైతు అడిగినా, బంగారు అంగడి గుమాస్తా అడిగినా ఇదే. అమ్మేవాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. డబ్బా మీదే పెద్ద అంకెల్లో అచ్చేసి ఉంటుంది. ఆ అంకెను నమ్మి ఇంటికి తెచ్చి ఘంటసాల పాట పెడితే మాట ముద్దగా వినపడుతుంది, కిటికీ రెక్కలు మాత్రం అదురుతాయి. అప్పుడు నేరం పాట మీదికి పోతుంది: "పాత రికార్డింగు కదబ్బా, అట్లే ఉంటాది."

అట్లా ఉండదు. ఇంట్లో కూర్చుని రికార్డు పాట వినే ఈ సరదా మన వైపు ఎట్లా వచ్చింది, దాని చుట్టూ నడుస్తున్న వాదాల్లో నిలిచేవి ఏవి, తేలిపోయేవి ఏవి అని చూసుకుంటూ పోతే, వాట్లకన్నా ముందు తేల్చుకోవలసినవి మూడు కనిపిస్తాయి. మనం వినదలచుకున్న పాటను ఏ కాలంలో, ఏ పద్ధతిలో పట్టారు? మన చేతికొచ్చింది ఎన్నో తరం నకలు? వినే గది ఎట్లాంటిది? ఈ మూడూ తెలిస్తే సెట్టు ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది.

ముందు పాట సంగతి. రికార్డు సంగీతంతో కడప జిల్లా చుట్టరికం పైకి కనిపించేదానికన్నా దగ్గరిది. 1885లో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించడంతో మొదలైన సురభి నాటక సమాజం ఈ జిల్లాలోనే, ఇప్పటి చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో పుట్టింది. తర్వాతి యాభై ఏళ్లలో పౌరాణిక నాటకమూ, హార్మోనియం శ్రుతికి రాగం తీసి పాడే పద్యమూ తెలుగునాడంతా పాకాయి. 1902లో గ్రామఫోను కంపెనీ మనుషులు కలకత్తాలో దిగి గౌహర్ జాన్ వంటి వాళ్ల గొంతులు పట్టుకుపోయారు. ఆ వ్యాపారం తెలుగులోకి వచ్చేసరికి, అమ్ముడుపోతుందని నమ్మకంగా చెప్పగలిగిన సరుకుల్లో ముందున్నది నాటక పద్యమే. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, డి.వి. సుబ్బారావుల ప్లేట్లు నాటకం ఆడని ఊళ్లకు కూడా నాటకాన్ని చేర్చాయి.

పది అంగుళాల ప్లేటు ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలు మోగుతుంది. నిమిషానికి 78 చుట్లు. ముడిసరుకు లక్క, ప్రపంచానికి ఆ లక్క ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. స్టేజీ మీద వన్స్ మోర్‌లతో కలిపి పావుగంట సాగే పద్యం ఈ మూడు నిమిషాల్లో ఇమడాలి. అందుకని ఆలాపన కురచైంది, మాట ముందుకొచ్చింది, చివరి రాగం ఒక్క ఊపులో తేల్చేశారు. 1925కు ముందు మైకు కూడా లేదు. పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడితే ఆ గాలి ఒత్తిడికే ముల్లు మైనం మీద గీత గీసేది. అడుగు శబ్దమూ, పై శబ్దమూ రెండూ పోయి నడిమి గొంతు మిగిలేది. కరెంటు మైకు వచ్చాక కూడా పైమెట్టు 5000 హెర్ట్జ్‌కు అటూ ఇటుగా ఆగిపోయేది. అంటే ఆ ప్లేటులో ఉన్నదంతా మనిషి గొంతు ఉండే చోటనే ఉంది. మన కొత్త సెట్టులోని సబ్ ఊఫరుకు అక్కడ పనే లేదు. అది మోగించేదల్లా ప్లేటు తిరిగే గరగర.

రెండో తరం సినిమా పాటది. అందులోనూ మన జిల్లా వాటా తక్కువేం కాదు. పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి 1951లో 'మల్లీశ్వరి' తీశారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి అదే ఏడాది 'పాతాళభైరవి', 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్' నిర్మించారు. మద్రాసులో వీళ్ల చేతి కింద నడిచిన స్టూడియోలో పట్టిన శబ్దమే ఒక తరం తెలుగువాళ్లకు "పాట అంటే ఇట్లా ఉండాల" అన్న కొలత అయింది. 'మల్లీశ్వరి'లో సాలూరి రాజేశ్వరరావు వాద్యాలను ఎంత పొదుపుగా వాడారో గమనించండి. భానుమతి గొంతుకు ముందు ఏదీ నిలబడదు, పక్కన మాత్రం అన్నీ ఉంటాయి. అప్పట్లో పాటను విడివిడి ముక్కలుగా పట్టి తర్వాత కలిపే వసతి లేదు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకే హాల్లో, ఒకే వేళ. ఎవరిని మైకుకు ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నదే అప్పటి మిక్సింగు. ఆ దూరాలు ఇప్పటికీ రికార్డులో ఉన్నాయి. మంచి నకలూ, నిమ్మళమైన గదీ ఉంటే వినపడతాయి.

సింహాద్రిపురం మనిషి, హాస్యనటుడు పద్మనాభం కథ ఇంకా ముచ్చటైనది. ఆయన నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం 1966 డిసెంబరు 15న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట పాడారు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. పాట ఫిల్ము మీదికి ఎక్కాక టేపు చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు. సంగీత దర్శకుడు కోదండపాణి మాత్రం ఈ కుర్రవాడి టేపును చెరపొద్దని, వచ్చిపోయే సంగీత దర్శకులకు వినిపించమని రికార్డింగు ఇంజనీరు స్వామినాథన్‌ను అడిగారట. బాలు ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. ఒక గాయకుడి దశ తిప్పిన కథగానే దీన్ని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఆ చెరిపేసిన మిగతా టేపులే కనిపిస్తాయి. మన పాత పాటల్లో చాలావాటికి మూల టేపు అన్నదే లేకపోవడానికి కారణం అదే. మిగిలింది ప్లేటు, లేదా సినిమా రీలు పక్కనున్న శబ్దపు చార.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1970ల దాకా తెలుగు పాట దాదాపు అంతా మోనో. ఆరు ట్రాకుల శబ్దంతో 70 ఎం.ఎం. తెలుగు సినిమా 'సింహాసనం' వచ్చింది 1986లో. మోనో పాటకు రెండు బాక్సులు అక్కరలేదు; ఒక మంచి బాక్సు చాలు. అయిదారు బాక్సులు పెట్టి ఘంటసాలను గది చుట్టూ తిప్పడం సరదాగా ఉంటుందేమో గానీ, పాటకు మేలు చేయదు.

ఈ పాట మన ఇళ్లకు ఏ దారిన వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. దారి ఎందుకంటే, ఒక్కో దారి మన చెవికి ఒక్కో అలవాటు చేసి పోయింది. సొంత గ్రామఫోను కలిగిన ఇళ్లు ఊరికి ఒకటో రెండో. మిగతావాళ్లకు పాట అంటే పంచాయతీ రేడియో, ఆపైన మైకు సెట్టు. 1963లో కడప ఆకాశవాణి కేంద్రం వచ్చింది. మీడియం వేవులో 900 కిలోహెర్ట్జ్. సాయంత్రాలు రేడియో సిలోను కూడా పట్టుకునేవాళ్లు, అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం. సొంత రేడియో ఉంటే అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. మీడియం వేవులో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ కాబట్టి, 4500 హెర్ట్జ్ పైనున్న శబ్దం ఇంటిదాకా అంతగా చేరేది కాదు. అయినా ఆ వాల్వు రేడియో చెక్కపెట్టెలోంచి వచ్చిన గొంతు గుండ్రంగా, దగ్గరగా ఉండేదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. వాళ్లది ఉత్త జ్ఞాపకాల మోజు కాదు. ఒకే పెద్ద స్పీకరు, మంచి చెక్క డబ్బా, నడిమి శబ్దం మీదే దృష్టి: మన పాటకు అది అతికిన జోడీ.

మైకు సెట్టు సంగతి వేరు. వేపచెట్టుకో మిద్దె మీది గుంజకో కట్టిన కొమ్ము స్పీకరు ఒక్క వాటుకు ఒక మీటరు దూరంలో 105 డెసిబెళ్లకు పైగా పలుకుతుంది. ఇంట్లో పెట్టుకునే బాక్సు 85, 90 దగ్గర ఆగుతుంది. ఈ ఇరవై డెసిబెళ్ల తేడా అంటే, ఇంటి బాక్సుకు వంద వాట్లు పోస్తే వచ్చే శబ్దం కొమ్ముకు ఒక్క వాటుతో వస్తుందని అర్థం. పైగా కొమ్ము విసిరేది సుమారు 300 నుంచి 5000 హెర్ట్జ్ దాకానే, అంటే మాట ఉండే చోటే. అందుకే తెల్లవారుజామున గుడి మీదినుంచి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం (హెచ్.ఎం.వి. 1963లో తెచ్చిన రికార్డు) కుందూ ఏటి అవతలి చేలల్లోకి కూడా అక్షరం పోకుండా చేరేది. దగ్గరగా వింటే చెవులు గింగురుమంటాయి. "గట్టిగా ఉంటేనే పాట" అన్న అలవాటును ఈ కొమ్మే మనకు నేర్పిందని నా అనుమానం. వాట్ల ప్రశ్న కూడా అక్కడినుంచే వచ్చి ఉండాలి. బయలులో పుట్టిన ఆ ప్రశ్నను పది అడుగుల గదిలోకి తెచ్చుకున్నాం.

ఇళ్లలో నిజమైన మార్పు తెచ్చింది టేపురికార్డరు. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును కనిపెట్టినా, మన పల్లెలకు అది వచ్చింది ప్రధానంగా కువైటు మీదుగా. రాయచోటి, రాజంపేట, కడప వైపుల నుంచి అరబ్బు దేశాలకు పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు చంకలో నేషనల్ పానాసోనిక్కో షార్పో సాన్యోనో ఉండేది. రేడియో, టేపు రెండూ ఉన్న 'టూ ఇన్ వన్'. ఉత్తరం రాయలేనివాళ్లు క్యాసెట్టులో మాట్లాడి పంపుకున్నారు. ఇక్కడివాళ్లు దాని మీదే జవాబు ఎక్కించి పంపారు. ఆ తర్వాత ప్రతి చిన్న టౌనులో రికార్డింగు అంగళ్లు వెలిశాయి. కాగితం మీద పాటల పట్టీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు కొనిచ్చి, రెండు రోజులు ఆగితే పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. చట్టం ప్రకారం అది దొంగ సరుకే. కానీ కంపెనీ క్యాసెట్టులో దొరకని పాటలను బతికించింది కూడా ఈ అంగళ్లే. రెండు మాటలూ నిజమే. నేను అంగడివాడి పక్షం. ఒక్క తప్పు మాత్రం అతని మీద వేస్తాను. బేసు, ట్రెబులు తనకు తోచినట్టు పెంచి, కాస్త ఎకో కలిపి ఎక్కించేవాడు. ఆ క్యాసెట్టు నుంచి ఇంకొకరు, వాళ్ల నుంచి మరొకరు. ఇప్పుడు ఇంటర్నెట్టులో దొరికే పాత పాటల్లో కొన్ని ఆ మూడో తరం, నాలుగో తరం నకళ్లే.

ఇక గది. దీని గురించి మన వైపు ఎవరూ మాట్లాడరు, మాట్లాడవలసింది మాత్రం ఇక్కడే ఎక్కువ ఉంది.

పాత మట్టి మిద్దెల్లో గోడలు రాతివి, మందం రెండు మూడడుగులు; పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. గోడలకు గూళ్లు, మూలల్లో బస్తాలు. పడిన శబ్దాన్ని ఆ ఎత్తుపల్లాలు చెదరగొట్టేవి. ఇప్పటి ఇంట్లో నేల కడప బండ, గోడ నున్నటి సిమెంటు, పైకప్పు ఆర్‌సీసీ. నున్నటి రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి 98 పాళ్లు వెనక్కి కొడుతుంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి. ఆ జివ్వుమనే తోక పాటలోని ప్రతి అక్షరం వెనకా ఉంటుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నుంచి దేశమంతటికీ బండలు పంపిన జిల్లా మనది. ఆ బండే మన పాటకు ఇంట్లో ఉన్న మొదటి ఇబ్బంది.

మందు కూడా దగ్గరే ఉంది. ప్రొద్దుటూరు పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. నాలుగు అంగుళాల పత్తి పరుపును బాక్సులకు ఎదురుగోడకు, కాస్త ఎడంగా నిలబెడితే 500 హెర్ట్జ్ పైనున్న ప్రతిధ్వని చాలావరకు దిగిపోతుంది. నేల మీద మందపాటి బొంత, కిటికీకి బరువైన తెర. దిగుమతి ఫోము పలకల కోసం డబ్బు పెట్టేవాళ్లు ముందు ఇది చేసి చూడాలి. ఫోము అందంగా ఉంటుంది, పరుపు ఇల్లాలి చేత తిట్టిస్తుంది. పని మాత్రం పరుపే ఎక్కువ చేస్తుంది.

అడుగు శబ్దానికి పరుపు మందు కాదు. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య మొదట గుమ్మని మోగే శబ్దం సుమారు 56 హెర్ట్జ్. ఆ అల పొడవు ఇరవై అడుగులు. దాన్ని నాలుగు అంగుళాల పత్తి ఆపలేదు. గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదడుగులే అయితే మూడూ అక్కడే గుమికూడి ఒక్క స్వరమే బుంగలో మోగినట్టు మోగుతుంది. అప్పుడు బాక్సును మూలనుంచి రెండడుగులు ముందుకు జరపడం, కుర్చీని వెనకగోడకు ఆనించకుండా వేసుకోవడం, ఇంకా కుదరకపోతే పొడవాటి హాలుకు మారడం. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. అంగట్లో ఎవరూ చెప్పకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు.

కడప బండకు మాత్రం ఒక మంచి వాడుక ఉంది. రికార్డు ప్లేయరు కింద వేయడానికి దాన్ని మించింది లేదు. అడుగున్నర పొడవు, అడుగుంబావు వెడల్పు, అంగుళమున్నర మందం ఉన్న బండ 18 కిలోలు తూగుతుంది. దాని కింద నాలుగు రబ్బరు ముక్కలు పెడితే నడిచే అడుగుల అదురు ముల్లుదాకా రాదు. విదేశాల్లో ఇదే పనికి పలకరాయి పీటలను బాగా రేటు కట్టి అమ్ముతారు.

ఎండాకాలం గురించీ చెప్పాలి. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలు. ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఫ్యాను తిరిగితే చిన్న శబ్దాలన్నీ దాని కింద మునిగిపోతాయి. కనుక ఎండాకాలపు వినికిడి తెల్లవారుజాముది, లేదా రాత్రి పదకొండు దాటాక మేడ మీదిది. తగ్గించి వింటే చెవికి మొదట మాయమయ్యేది బేసు. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి చూపించిన సంగతి ఇది. పాత సెట్లమీద 'లౌడ్‌నెస్' అని మీట ఉండేది ఇందుకే. రాత్రిపూట అది వేసుకోవడంలో అపచారమేమీ లేదు. ప్లేట్లున్నవాళ్లు మాత్రం వాటిని పడమటి గోడ గూట్లో పెట్టకూడదు. ఎల్పీ ప్లాస్టిక్కు వేడికి వంకరపోతే మళ్లీ సరికాదు.

ఇప్పుడు సెట్టు. డబ్బా మీద పెద్దగా అచ్చేసే 'పి.ఎం.పి.ఓ.' వాట్ల అంకెను పట్టించుకోనక్కరలేదు. అదే డబ్బా వెనక, కరెంటు ఎంత తీసుకుంటుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నలభై వాట్లు తాగే పెట్టె వెయ్యి వాట్లు ఎక్కడినుంచి ఇస్తుంది? అసలు వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలుగా తోచాలంటే పది రెట్లు కావాలి. పదడుగుల గదిలో సుఖంగా వినేటప్పుడు మామూలు బాక్సుకు పోయేది ఒక వాటు, అంతకన్నా తక్కువే.

ఆ ఒక్క వాటు శుభ్రంగా ఉండాలి, బాక్సు మంచిదై ఉండాలి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెర చాటున బాక్సులు పెట్టి, పేరు, ధర తెలియకుండా జనానికి వినిపించారు. ఎక్కువమంది మెచ్చుకున్నవి అడుగు నుంచి పై దాకా ఏ శబ్దాన్నీ ఎక్కువా తక్కువా చేయకుండా సమంగా పలికినవే. మనకు అంత ప్రయోగం అక్కరలేదు, తెలుగే పరీక్ష. ప్రొద్దుటూరులో చాలాకాలం కాపురమున్న పుట్టపర్తి నారాయణాచార్యులు తమ 'శివతాండవం' స్వయంగా చదివిన రికార్డింగు దొరుకుతుంది, అదొకటి చాలు. శ, ష, స మూడూ విడివిడిగా వినిపిస్తున్నాయా? ఒత్తక్షరం ఒత్తుగా తగులుతోందా? ల, ళ కలిసిపోతున్నాయా? ఈ తేడాలన్నీ ఎక్కువగా 2000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. ఆ పరీక్ష నెగ్గిన బాక్సు మిగతావి ఎట్లున్నా మన పాటకు పనికొస్తుంది. ఘంటసాల చనిపోయాక 1974లో వచ్చిన భగవద్గీత రికార్డుతో కూడా చూడొచ్చు. శ్లోకం పాటగానూ, తాత్పర్యం మాటగానూ ఒకే గొంతు వరసగా పలుకుతుంది కాబట్టి తేడా ఇట్టే పట్టుబడుతుంది.

రేడియో మెకానిక్కుల చేత కట్టించుకున్న 'అసెంబుల్' సెట్లను చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. ఒకప్పటి 4440 ఐసీ, తర్వాతి 7294, ట్రాన్సిస్టర్లలో 5200-1943 జంట: వీటితో హైదరాబాదు కోఠీ నుంచో మద్రాసు రిచీ వీధి నుంచో సామాను తెప్పించి కట్టిన యాంప్లిఫయర్లు, మంచి ట్రాన్స్‌ఫార్మరు పడితే, కంపెనీ సరుకుకు తీసిపోవు. వాటి జబ్బు బాక్సుల్లో ఉంటుంది. పన్నెండు అంగుళాల ఊఫరు పక్కన చవక ట్వీటరు పెట్టి, మధ్యలో గొంతు పలకాల్సిన చోటును గాలికి వదిలేస్తారు. పాటలకని ట్రాక్టరు మీద కట్టుకుంటే అది బాగానే ఉంటుంది. ఇంజను రొదను దాటాలంటే అడుగు శబ్దపు దరువూ, పై శబ్దపు మెరుపూ రెండే పనికొస్తాయి. ఆ సెట్టునే దించి హాల్లో పెట్టుకున్నప్పుడు గోల మొదలవుతుంది. చెవులకు కూడా లెక్క ఉంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 80 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు, 90 దగ్గర నాలుగే. సీజను పొడుగునా ట్రాక్టరు మీదుండే కుర్రాళ్లకు ఇది ఎవరైనా చెబితే బాగుండు.

ఇక పెద్దల మధ్య తెగని వాదాలు. తీగల గొడవను ఒక్క ముక్కలో వదిలేస్తాను: కాస్త మందమున్న రాగితీగ, గట్టిగా బిగించిన కొస, అంతే. వాల్వు, ట్రాన్సిస్టరు తగాదా కూడా చాలావరకు రుచి తగాదా. వాల్వు కొంచెం తియ్యదనం కలుపుతుంది, కలపడం నచ్చితే తప్పులేదు. సీడీని మించిన 'హై రిజల్యూషన్' ఫైళ్ల మీద మాత్రం ఒక గట్టి ప్రయోగం ఉంది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో అలవాటున్న శ్రోతలకు రెండింటినీ చెప్పకుండా మార్చి మార్చి వినిపించారు. 554 సార్లలో సరిగ్గా పోల్చింది 276 సార్లు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. అందులోనూ 5000 హెర్ట్జ్ దగ్గర ఆగిన ప్లేటుకు హై రిజల్యూషన్ ఫైలు కొనడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఎల్పీ పునర్జన్మ సంగతి మరోలా ఉంది. ప్లేటు చేత్తో పట్టుకుని, అట్ట చదివి, ఇరవై నిమిషాలు కదలకుండా వినడంలో సుఖం ఉంది. దాన్ని శబ్దపు గొప్పతనంగా చెప్పడం దేనికి? సూట్‌కేసు ప్లేయర్లతో జాగ్రత్త. వాటి ముల్లు మోపే బరువు అయిదు గ్రాములు దాటుతుంది, మంచి ప్లేయరులో రెండే. పాత లక్క ప్లేటు మీద ఎల్పీ ముల్లు వేయడం ఇంకో తప్పు. దాని గాడి వెడల్పు మూడు రెట్లు. చిన్న ముల్లు అడుగున పడి గీరుతుంది, పాటకన్నా గరగర ఎక్కువ వస్తుంది.

అన్నిటినీ మించి నకలు. మూడువేల రూపాయల బాక్సులో మంచి నకలు, లక్ష రూపాయల సెట్టులో చెడ్డ నకలు పక్కపక్కన పెడితే నేను మొదటి దాని ముందే కూర్చుంటాను. చెడ్డ నకలును పట్టుకునే గుర్తులున్నాయి. ఒకటి వేగం: ఎక్కించేటప్పుడు మూలాన్ని మోగించే యంత్రం 6 శాతం వేగంగా తిరిగితే ఒకటి శ్రుతి పాట ఒకటిన్నరకు ఎక్కుతుంది, గాయకుడు పదేళ్లు చిన్నవాడవుతాడు. వేగం తేడా అంతకన్నా తక్కువైతే, హార్మోనియం దగ్గరుంటే శ్రుతి ఏ మెట్టుకూ కుదరకపోవడమే సాక్ష్యం. రెండోది అతిశుభ్రం: గరగర తీసేసే సాఫ్ట్‌వేరు ఎక్కువ వాడితే గరగరతో పాటు 'స'కారం, తంబురా జీర, గాయకుడి ఊపిరి కూడా పోతాయి. నీళ్లలోంచి పాడినట్టుంటే అది ఈ పనే. మూడోది దొంగ స్టీరియో, ఎకో, కొత్తగా కలిపిన డ్రమ్ము. గరగర ఉన్న నకలే నయం. చెవి పది నిమిషాల్లో గరగరను మరిచిపోతుంది, పోయిన అక్షరాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

మంచి నకళ్లు ఎక్కడివి? హెచ్.ఎం.వి. వారసురాలు సారెగమ దగ్గర చాలావున్నాయి. 2017లో ఆ కంపెనీ తెచ్చిన కారవాన్ పెట్టె, తర్వాత వచ్చిన దాని తెలుగు రకమూ మీట నొక్కితే పాడే రేడియో సుఖాన్ని పెద్దవాళ్లకు తిరిగిచ్చాయి. శబ్దమంతా ఒకే పెట్టెలోంచి వస్తుంది కాబట్టి మోనో పాటకు అతుకుతుంది కూడా. రెండో దారి సేకర్తలు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు జీవితమంతా కూడబెట్టిన నలభై వేలకు పైగా రికార్డులు, వాటి మీద ఆయన రాసిన రాతలు లేకపోతే, ఏ పాట ఏ ప్లేటు మీద ఎవరు పాడగా వచ్చిందో చెప్పే దిక్కుండేది కాదు. సినిమాలోని పాటకూ ప్లేటు మీది పాటకూ తేడా ఉంటుందని, నిడివి చాలక చరణాలు పోయిన పాటలున్నాయని వినేవాళ్లకు నేర్పింది ఇట్లాంటివాళ్లే. మన చట్టంలో రికార్డింగు మీది హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ గడువు దాటిన నాటక పద్యాల ప్లేట్లను శుభ్రంగా ఎక్కించి పదిమందికీ పంచడానికి రికార్డు కంపెనీ అడ్డు ఉండదు. రచయిత పోయి 60 ఏళ్లు నిండని సాహిత్యానికి మాత్రం వేరే అనుమతి కావాలి.

కంపెనీల దగ్గరా, సేకర్తల దగ్గరా లేని నకళ్లు ఇంకొన్ని ఉన్నాయి. అవి మన ఇళ్ల అటకల మీద ఉన్నాయి. కువైటు నుంచి వచ్చిన టేపురికార్డరులో ఎర్ర మీట నొక్కి పట్టిన వెల్లాల తిరునాళ్ల చెక్కభజన, పెళ్లిలో జేజి పాడిన తలంబ్రాల పాట, హరిశ్చంద్ర నాటకం కాటిసీను, అబ్బ చదివిన భారత పద్యం. వీటికి రెండో నకలు లోకంలో ఎక్కడా లేదు. రికార్డు సంగీతపు సరదా ఉన్నవాళ్లు కొత్త సెట్టుకు దాచిన డబ్బులో కొంత తీసి ముందు వీటి పని చూడాలి.

పని పెద్దదేం కాదు. క్యాసెట్టును ఒకసారి పూర్తిగా అటుచుట్టి ఇటుచుట్టాలి. నడిచే టేపు డెక్కు సంపాదించి, హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. శబ్దం మందంగా ఉంటే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను పై శబ్దం విచ్చుకునేదాకా రవ్వంత తిప్పాలి. ప్రతి క్యాసెట్టుకూ ఇది మారుతుంది. 90 నిమిషాల క్యాసెట్ల టేపు పలచన, వాటిని మెల్లగా చుట్టాలి. కంప్యూటరులోకి మోనోగా, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌తో డబ్ల్యూఏవీ ఫైలుగా ఎక్కించుకోవాలి, ఏ శుభ్రమూ చేయకుండా. శుభ్రం చేసిన నకలు కావాలంటే వేరేగా చేసుకోవచ్చు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నది ఫైలు పేరులోనే రాయాలి. గంటకు అర జీబీకి కాస్త ఎక్కువ పడుతుంది. వంద అరవై నిమిషాల క్యాసెట్లు ఒక 64 జీబీ పెన్‌డ్రైవులో ఇముడుతాయి. ఇంకొక నకలు వేరే డ్రైవులో, వేరే ఇంట్లో ఉండాలి.